ఆరో వాక్యం

మొదటిరోజు మొదటి మాటకే క్లాసంతా నవ్వింది.

"తెంగో" అంది శ్రీసత్య, తెల్లబోర్డు మీద ఆ మాట రాసి కింద గీత గీస్తూ. ఎదురుగా కూర్చున్న పన్నెండు మంది ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నలుగురిలో అనకూడని మాటకి అది మరీ దగ్గర చుట్టంలా వినిపించింది వాళ్లకి. వెనక బెంచీలో పాపాయమ్మ ఒక్కతే కొంగు అడ్డం పెట్టుకోలేదు. అరవైకి దగ్గరపడిన మనిషి, ఇరవై ఏళ్లుగా ఇదే ప్లాంటులో రొయ్యలు ఒలుస్తున్న మనిషి, ఆవిడకి సిగ్గేంటి?

"పొద్దున్నే ఏం మాటలండీ మేడం గారూ ఇయ్యి! మా ఆయనింటే రేపట్నించి పన్లోకి పంపడండి బాబూ" అంది.

శ్రీసత్యకి కూడా నవ్వాగలేదు. నవ్వనిది గుమ్మం దగ్గర నుంచున్న జి.ఎం. సత్యప్రసాద్ ఒక్కడే.

"అది స్పానిష్ మాటమ్మా. 'నాకు ఉంది' అని అర్థం. నవ్వులాటలు కట్టిపెట్టి నేర్చుకోండి. శుక్రవారం స్పెయిన్ వాళ్లొస్తున్నారు" అన్నాడు. అతను ఎవరి మీదా కేకలు వెయ్యడు. కూలిమనిషిని కూడా 'అమ్మా' అనే పిలుస్తాడు.

భీమవరం దాటి ఉండి వెళ్లే రోడ్డు పక్కన, చెరువుల మధ్య ఉందా ప్లాంటు. అక్కడ ఒలిచిన రొయ్యలు ఓడెక్కి స్పెయిన్ వెళతాయి. కొనేవాళ్లు ఏడాదికోసారి వచ్చి చూసిపోతారు. ఈసారి పనిచేసే ఆడవాళ్లతో నేరుగా మాట్లాడతామన్నారట. అలాగైతే మన ఆడవాళ్ల చేత వాళ్ల భాషలోనే నాలుగు ముక్కలు చెప్పిద్దాం, ఆ ఎఫెక్టే వేరు అనుకున్నారు యజమాని రాజుగారు. అందుకని రాజమండ్రిలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పుకునే శ్రీసత్యని వెతికి పట్టుకొచ్చారు. స్పానిష్ వచ్చిన మనిషి గోదావరికి ఈ గట్టునా ఆ గట్టునా ఇంకొకరు దొరకలేదు. ఎప్పుడో హైదరాబాదులో నేర్చుకున్న భాష గురించి అడిగే పుణ్యాత్ముడు ఇన్నాళ్లకి దొరికాడని ఆమె సంబరపడిపోయింది. విజిట్ బాగా జరిగితే ఎక్స్‌పోర్ట్ సెక్షన్లో ఉద్యోగం మీదేనండి అన్నాడు సత్యప్రసాద్. ఆ మాట ఆమె చెవుల్లోనే తిరుగుతోంది.

నేర్పాల్సిన వాక్యాలు అతనే టైపు చేయించి ఇచ్చాడు. మొత్తం అయిదు. నాకు గ్లౌజులు ఉన్నాయి. నాకు బూట్లు ఉన్నాయి. నాకు విశ్రాంతి ఉంది. మాకు మంచినీళ్లు ఉన్నాయి. మాకు డాక్టరు ఉన్నారు.

"ఈ అయిదే నేర్పండి. ఆరోది వద్దు. ఎక్కువ నేర్పితే కలగాపులగం చేసేస్తారండి" అన్నాడు.

అయిదు వాక్యాలు చిలకపలుకుల్లా నేర్పడం శ్రీసత్యకి నామోషీగా అనిపించింది. టీచరన్నాక క్రియ మొత్తం చెప్పాలి కదా. బోర్డు మీద ఆరు రూపాలూ రాసింది. తెంగో, నాకు ఉంది. తియెనెస్, నీకు ఉంది. తియెనే, ఆయనకి ఉంది, ఆవిడకి ఉంది. తెనెమోస్, మాకు ఉంది. తెనేయిస్, మీ అందరికీ ఉంది. తియెనెన్, వాళ్లకి ఉంది.

మొదటి బెంచీ చివర కూర్చున్న మనిషి కూతురి పాత నోటుబుక్కులో ఖాళీ కాగితాలు వెతుక్కుని ఇదంతా రాసుకుంటోంది. ముప్పై అయిదేళ్లుంటాయి. పేరు నాగదుర్గ. ఏడో తరగతి దాకా చదివానని చెప్పింది. రాసుకోవడం అయ్యాక తలెత్తింది.

"మనకయితే 'ఉంది' ఒకటే కదండీ. నాకు ఉంది, నీకు ఉంది, రాజుగారికి ఉంది. వాళ్లకి మనిషి మారితే మాట కూడా మారిపోద్దాండీ?"

"అవును. అన్ని క్రియలూ ఒక దారిలో వెళితే ఇది మాత్రం దాని ఇష్టం వచ్చినట్టు మారుతుంది. కంఠతా పట్టాల్సిందే."

"ఎవరికుందో దాన్నిబట్టి మారిపోద్దన్నమాట" అంది నాగదుర్గ. "మన దగ్గరా అంతేలెండి."

పాపాయమ్మ పకపకా నవ్వింది. సత్యప్రసాద్ గడియారం చూసుకున్నాడు.

అందరి చేతా వాక్యాలు పలికించింది శ్రీసత్య. తెంగో గ్వాంతెస్ అండి, అన్నారు. తెంగో బోతాస్ అండి. అండి వద్దమ్మా అంటే, సరేనండి అని, మళ్లీ తెంగో గ్వాంతెస్ అండి అన్నారు. పెద్దవాళ్లతో మాట్లాడుతూ 'అండి' లేకుండా వాక్యం ముగించడం వాళ్లకి చేతకాలేదు. అలా అంటే తిట్టినట్టుంటదండి అని నాగదుర్గే వివరం చెప్పింది.

"గ్వాంతెస్ అంటే గ్లౌజులన్నారు కదండీ" అంది పాపాయమ్మ. "ఇంతకీ అయ్యెక్కడున్నాయండీ?"

"శుక్రవారం ఇస్తారమ్మా" అన్నాడు సత్యప్రసాద్.

అప్పుడు చూసింది శ్రీసత్య బల్లల మీదున్న ఆ చేతుల్ని. వేళ్ల చివర్లు తెల్లగా ఉడికిపోయినట్టున్నాయి. ఐసులోనూ క్లోరిన్ నీళ్లలోనూ నాని చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. పెంకు విప్పడానికి బొటనవేలి గోరు మాత్రం అందరూ పెంచుకున్నారు. ఆమె కళ్లు తిప్పుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టింది. ఎందుకు కళ్లు తిప్పుకుందంటే, చూస్తే ఏదో ఒకటి అనాల్సి వస్తుంది కాబట్టి.

*

మంగళవారం నుంచి పైన క్యాంటీన్లో క్లాసు మానేశారు. సరుకు ఎక్కువగా వచ్చింది, పని ఆపడానికి వీల్లేదు, వాళ్లు ఒలుస్తూ ఉంటే మీరే కింద బల్లల మధ్య తిరుగుతూ చెప్పించండి అన్నాడు సత్యప్రసాద్. శ్రీసత్యకి టోపీ, మాస్కు, మోకాళ్ల దాకా బూట్లు ఇచ్చారు. లోపలికి అడుగుపెట్టగానే చలికి ఆమె పళ్లు టకటకలాడాయి. పొడుగాటి స్టీలు బల్లలకి రెండు వైపులా ఆడవాళ్లు నుంచుని ఉన్నారు. బల్ల మీద ఐసుతో కలిపి గుమ్మరించిన రొయ్యలు. కింద కాళ్ల దగ్గర నీళ్లు. వాళ్ల కాళ్లకి ఉన్నవి రబ్బరు చెప్పులు.

ఒక్కో రొయ్యకీ చేతులు ఆరు పనులు చేస్తాయి. తల తిప్పి తియ్యడం, కాళ్లు లాగడం, పెంకు విప్పడం, తోక నొక్కి వదిలించడం, వీపు గీయడం, నరం లాగి పారెయ్యడం. నాగదుర్గ అది కనిపెట్టింది.

"ఆరుకి ఆరు సరిపోయిందండి. చూడండి" అని, తెంగో అంటూ తల తీసింది. తియెనెస్, కాళ్లు. తియెనే, పెంకు. తెనెమోస్, తోక. తెనేయిస్, వీపు. తియెనెన్, నరం. ఒలిచిన రొయ్య ట్రేలో పడింది. పక్కనున్న వాళ్లకీ అది తమాషాగా ఉండి పట్టుకున్నారు. కాసేపటికి బల్ల బల్లంతా ఒకే ఊపులో ఒలవడం మొదలైంది. నిన్నటి దాకా నోరు తిరగని వాళ్లు కూడా చేతుల వెంట మాటని లాక్కుపోతున్నారు. శ్రీసత్యకి ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్ల టీచరుద్యోగంలో ఏ క్లాసూ ఆమెకి ఇంత తొందరగా అందిరాలేదు.

"ఇంకా తొందరగా!" అని చప్పట్లు కొట్టింది. "ఆగకూడదు. తెంగో, తియెనెస్, తియెనే..."

సూపర్‌వైజరుకి కూడా ఇది నచ్చింది. ట్రేలు ముందుకంటే తొందరగా నిండుతున్నాయి మరి. ఇంకా, ఇంకా అంటూ శ్రీసత్య చప్పట్లు కొడుతూనే ఉంది. అలా ఎన్నో వందల 'తెంగో' దగ్గర, నాగదుర్గ నోట్లోంచి మాటకి బదులు "అబ్బా" అని వచ్చింది.

రొయ్య తల మీద చిన్న రంపంలాంటి ముల్లుంటుంది. అది చూపుడువేలి గోరు పక్కన దిగి విరిగిపోయింది. నాగదుర్గ ఆ వేలిని నోట్లో పెట్టుకుని చప్పరించి, నీళ్లలో ముంచి, మళ్లీ పనిలో పెట్టింది.

"ఆపుదామా?" అంది శ్రీసత్య.

"రోజూ ఉండేదేనండి. ఎక్కడున్నామండీ? తియెనెస్."

బుధవారం పొద్దున్న ఆమె ఆ వేలికి నిమ్మకాయ తొడుక్కుని వచ్చింది. కాయ తొడిమ వైపు కోసి, లోపల గుజ్జు తీసి, పసుపూ సున్నం కూరి వేలికి టోపీలా పెట్టుకుంది. గోరుచుట్టు లేస్తే ఇళ్లల్లో చేసే వైద్యమే అది. మిగతా నాలుగు వేళ్లతోనే ఒలుస్తోంది. ఒలుస్తూనే ఆరు రూపాలూ అప్పజెబుతోంది. అందరికంటే బాగా పలుకుతోంది. సత్యప్రసాద్ వచ్చి విని, ముందు వరసలో ఈవిడనే నిలబెడదాం అన్నాడు. నిమ్మకాయ చూసి, "అది ఫుడ్ సేఫ్టీకి పనికిరాదమ్మా, శుక్రవారం తీసేసి రండి" అని కూడా అన్నాడు.

టీ కోసం వదిలిన పది నిమిషాల్లో నాగదుర్గ శ్రీసత్య పక్కకొచ్చి నుంచుంది.

"మేడం గారూ, ఒకటడగనాండీ? ఆకలి కూడా తెంగోయేనా?"

"అవును. వాళ్లు కూడా మనలాగే అంటారు. ఆకలి ఉంది, చలి ఉంది, నిద్ర ఉంది. తెంగో ఆంబ్రే, తెంగో ఫ్రీయో, తెంగో సువేన్యో."

"మరి నొప్పండీ?"

శ్రీసత్య చుట్టూ చూసింది. సూపర్‌వైజరు దూరంగా ఫోనులో ఉన్నాడు. అడిగిన పిల్లకి జవాబు చెప్పకుండా ఉండలేకపోవడం టీచర్లకి ఉండే జబ్బు.

"తెంగో దొలోర్" అంది.

"తెంగో దొలోర్" అంది నాగదుర్గ. అండి పెట్టలేదు. నోటుబుక్కు దగ్గర లేదని నాలుగైదుసార్లు తనలో తనే అనుకుని, టీ తాగకుండానే బల్ల దగ్గరకి వెళ్లిపోయింది.

గురువారానికి చెయ్యి మణికట్టు దాకా వాచింది. నిమ్మకాయ లోపలి వేలు నల్లబడుతోందని పాపాయమ్మ శ్రీసత్య చెవిలో చెప్పింది. నాగదుర్గ కళ్లు జ్వరంతో ఎర్రగా ఉన్నాయి.

"జి.ఎం. గారితో ఒక్కమాట చెప్పండి మేడం గారూ. ఈ పూట ఆసుపత్రికి పోయి రేపు పొద్దున్నకల్లా వచ్చేత్తాదని. మేం అడిగితే వేరేగా ఉంటదండి. మీరంటే ఆయన కాదనరు" అంది పాపాయమ్మ.

శ్రీసత్య వెళ్లి చెప్పింది. చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు. సత్యప్రసాద్ ఎంతో శ్రద్ధగా విన్నాడు.

"అయ్యో పాపం. గోరుచుట్టు బాగా సలుపుతుందండి, మా ఆవిడకి కూడా ఆ మధ్య లేచింది" అన్నాడు. "కానీ ఇప్పుడు పంపితే వాళ్లు ఏ సూదో వేసి పడుకోబెట్టేస్తారు. మనకి ముందు వరసలో మనిషి ఉండదు. రేపు మధ్యాహ్నానికల్లా విజిట్ అయిపోతుంది. అవగానే మన కారులోనే భీమవరం తీసుకెళదాం. ఇంతలో ఏం మునిగిపోతుందండీ? మీ ఉద్యోగం ఆర్డరు కూడా రేపు సాయంత్రం సంతకానికి పెడుతున్నాను."

ఈ డెల్టాలో మర్యాదకేం లోటు లేదు. చెయ్యి కొయ్యాల్సొచ్చినా 'అండి' అనే కోస్తారు.

శ్రీసత్య కిందకి దిగి వచ్చి, రేపు మధ్యాహ్నం కారులో పంపుతారట అని చెప్పింది. మీ ఆర్డరు అన్న ముక్క చెప్పలేదు. నాగదుర్గ తలూపింది.

"రేపటికి తగ్గిపోద్దిలెండి. మీకు మాట రానివ్వనండి" అంది.

*

శుక్రవారం ప్లాంటుకి పెళ్లికళ వచ్చింది. తలుపు దగ్గర ముగ్గు వేశారు. ఏడాదంతా తాళం వేసి ఉండే గది తలుపు తీసి ఎర్ర ప్లస్సు గుర్తు అంటించారు. లోపల ఒక కుర్రడాక్టరు ఎక్కడి నుంచో వచ్చి కూర్చున్నాడు. పొద్దున్న ఆరింటికే ఆడవాళ్లందరికీ తెల్లబూట్లు, నీలం గ్లౌజులు పంచారు. గ్లౌజు తొడుక్కుని పెంకు కింద గోరు పోనివ్వడం ఎలాగో ఎవరికీ తెలీదు. రొయ్యలు వేళ్ల మధ్య నుంచి జారిపోతున్నాయి. ఇవాళ ఎలా ఒలిచినా ఫరవాలేదు, నవ్వుతూ ఒలవండి అని సూపర్‌వైజరు అన్నాడు.

నాగదుర్గ నిమ్మకాయ తీసి చెత్తడబ్బాలో వేసింది. వాచిన చెయ్యి గ్లౌజులో పట్టలేదు. సూపర్‌వైజరు పెద్ద సైజు తెచ్చాడు. పాపాయమ్మ ఆ చెయ్యి పట్టుకుని వేలు వేలుగా ఎక్కిస్తుంటే నాగదుర్గ రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. గ్లౌజు ఎక్కింది. నీలం రబ్బరు కింద ఏముందో ఎవరికీ కనిపించదు. చిత్రమేంటంటే, ఆ పొద్దున్న అయిదు వాక్యాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. గ్లౌజులున్నాయి, బూట్లున్నాయి, మంచినీళ్ల డబ్బాలున్నాయి, డాక్టరున్నాడు. వర్తమాన కాలమే కదా నేర్పింది, ఈ క్షణానికి నిజమైతే చాలు అనుకుని శ్రీసత్య తన మనసుకి తనే సర్ది చెప్పుకుంది. సర్దుకుంది కూడా.

పదకొండింటికి వచ్చారు. ఇనెస్ అనే యాభై ఏళ్ల ఆవిడ, ఆవిడతో ఇంకొకాయన. ఆవిడది మంచి మొహం. టోపీ పెట్టుకుంటూ జుట్టు ఇరుక్కుంటే తనమీద తనే జోకు వేసుకుంది. వెనకాల రాజుగారు, సత్యప్రసాద్, వీడియో తీసే మనిషి. పక్కన అనువాదానికి శ్రీసత్య.

బల్ల దగ్గర ఆగి ఇనెస్ నమస్కారం పెట్టింది. సత్యప్రసాద్ కళ్లతో సైగ చేశాడు. నాగదుర్గ అడుగు ముందుకు వేసింది.

"తెంగో గ్వాంతెస్" అంది. నీలం చేతులు రెండూ ఎత్తి చూపించింది. "తెంగో బోతాస్. తెంగో దెస్కాన్సో. తెనెమోస్ ఆగ్వా లింపియా. తెనెమోస్ మెదికో."

ఇనెస్ నోరు తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని ఓహో అంది. రాజుగారి మొహం వెలిగిపోయింది. అక్కడితో అయిపోవాలి. నాగదుర్గ వెనక్కి అడుగెయ్యాలి. వెయ్యలేదు. ఇనెస్ కళ్లలోకి చూస్తూ, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా, ఒక్కో అక్షరం విడదీసి అంది:

"తెంగో దొలోర్."

ఇనెస్ నవ్వు ఆగింది. నాగదుర్గ వైపు చూసి, శ్రీసత్య వైపు తిరిగింది.

"కే తియెనే?" అని అడిగింది. ఆవిడకి ఏమైంది?

వీడియో తిరుగుతోంది. సత్యప్రసాద్‌కి మాట అర్థం కాలేదు గానీ లెక్కలో అది ఆరోదని అర్థమైంది. మెల్లగా దగ్గాడు.  నిజం చెప్పడానికి ఎన్నో మాటలు అక్కర్లేదు. చెయ్యి అంటే మానో అని శ్రీసత్యకి తెలుసు, వాపుకి కూడా మాట తెలుసు. ఒక్క క్షణం ఆ మాటలన్నీ నాలుక మీదకి వచ్చాయి. సాయంత్రం సంతకం కావాల్సిన కాగితం కూడా అదే క్షణంలో కళ్ల ముందుకి వచ్చింది.

"నో తియెనే నాద, సెన్యోరా" అంది నవ్వుతూ. ఆవిడకి ఏమీ లేదండి అని. క్లాసులో క్రియ నేర్పామని, ఆకలి, చలి, నొప్పి అన్నీ కలిపి వల్లె వేస్తారని, వచ్చిందంతా చెప్పి చూపించాలని ఆవిడకి సరదా అని స్పానిష్‌లో గబగబా చెప్పేసింది.

ఇనెస్ మొహం విప్పారింది. ఎంత చక్కగా నేర్చుకుందో అని చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. ఆవిడ ముందుకి వంగి నాగదుర్గ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఆప్యాయంగా, గట్టిగా ఊపింది. నాగదుర్గ పెదవి పంటి కింద నొక్కుకుంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమె శ్రీసత్యని చూసిన చూపు వీడియోలో పడలేదు.

మధ్యాహ్నం కారు స్పెయిన్ వాళ్లని ఎక్కించుకుని గన్నవరం విమానానికి వెళ్లింది. రెండో కారులో రాజుగారు వెళ్లారు. కుర్రడాక్టరు భోజనానికి ముందే వెళ్లిపోయాడు. ఒలవాల్సిన సరుకు ఉండిపోయిందని షిఫ్టు అయ్యేదాకా ఎవర్నీ వదల్లేదు. సాయంత్రం గేటు దగ్గర బూట్లూ గ్లౌజులూ విప్పించి బస్తాల్లో వేసుకున్నారు. నాగదుర్గ గ్లౌజు రాకపోతే కత్తెరతో కత్తిరించారు. పాపాయమ్మ ఆటోని పిలిచింది.

శ్రీసత్య ఆర్డరు మీద సంతకం మాత్రం ఆ సాయంత్రమే అయింది.

*

ఆదివారం రెండు వేళ్లు తీసేశారని తెలిసింది. చూపుడువేలు, మధ్యవేలు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే మోచేతి దాకా పోయేదన్నారట. పాపాయమ్మ ఫోన్ చేసి చెప్పింది. పనిలో గుచ్చుకున్నదని ఒప్పుకుంటే వైద్యమూ ఉంటుంది, ఏదో ఒక పనిలో పెట్టుకోనూ పెట్టుకుంటారు. ఇంటి దగ్గర చేప కోసుకుంటుంటే గుచ్చుకుందని ప్లాంటు వాళ్లు అంటున్నారు. గురువారం లేబర్ ఆఫీసు నుంచి విచారణకి ఒకాయన వస్తున్నాడు. "మీరున్నారు కదండీ ఆ రోజు. మీకు తెలుసు కదండీ" అంది పాపాయమ్మ.

శ్రీసత్యకి నాలుగు రాత్రులు నిద్రలేదు. ఈసారి చెప్పేస్తాను అనుకుంది. ఉద్యోగం పోతే పోయింది, మళ్లీ రాజమండ్రి వెళ్లి ఇంగ్లీషు చెప్పుకుంటాను అనుకుంది. నిజంగానే అనుకుంది పాపం.

గురువారం ఆఫీసు వరండాలో బెంచీ మీద నాగదుర్గ కూర్చుని ఉంది. కుడిచెయ్యి కట్టుతో తెల్లగా, పొట్టిగా ఉంది. పక్కన పాపాయమ్మ. శ్రీసత్యని చూసి నాగదుర్గ లేవబోయింది.

"కూర్చోండి, కూర్చోండి" అంటూ శ్రీసత్య లోపలికి వెళ్లి తలుపు మూసింది.

విచారణకి వచ్చినాయన నెమ్మదైన మనిషి. బల్ల మీద కంప్యూటరు తెర శ్రీసత్యకి కూడా కనిపించేలా తిప్పి ఉంది. సత్యప్రసాద్ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ వీడియోలో ఉన్నది తెలుగులో రాసివ్వాలమ్మా. ఎవరు మాట్లాడినా సరే, వదలకుండా" అన్నాడు ఆయన.

వీడియో మొదలైంది. నాకు గ్లౌజులు ఉన్నాయి, రాసింది శ్రీసత్య. నాకు బూట్లు ఉన్నాయి. నాకు విశ్రాంతి ఉంది. మాకు మంచినీళ్లు ఉన్నాయి. మాకు డాక్టరు ఉన్నారు. తెరమీద నాగదుర్గ నీలం చేతులు ఎత్తి చూపిస్తోంది. ఆరో వాక్యం వచ్చింది. పెన్ను ఆగలేదు.

"నాకు నొప్పిగా ఉంది" అని రాసి, పైకి కూడా చదివింది. "అప్పటికే చెయ్యి వాచి ఉందండి. మంగళవారం ఒలుస్తుంటే ముల్లు గుచ్చుకుంది. గ్లౌజుల్లేవు. నేను అక్కడే ఉన్నానండి, నా కళ్లతో చూశాను."

చెప్పేసింది. గుండె మీంచి బరువు దిగిపోయినట్టయింది. సత్యప్రసాద్ వైపు ధైర్యంగా చూసింది. అతను కంగారు పడలేదు. "వీడియో ఇంకా ఉందండి" అన్నాడు.

కే తియెనే, అంది తెరమీద ఇనెస్. వెంటనే ఇంకో గొంతు నవ్వుతూ గలగలా మాట్లాడింది.

"ఈ గొంతెవరిదమ్మా?"

"నాదేనండి."

"ఏమన్నారు?"

శ్రీసత్య పెన్ను చూసుకుంది. అబద్ధం చెప్పడానికి లేదు, ఇంకెవరి చేతనైనా రాయించుకోగలరు. "ఆవిడ ఏమైందని అడిగారండి. నేను... ఆవిడకి ఏమీ లేదు అన్నాను. క్రియ వల్లె వేస్తోంది అన్నాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ రోజు చెప్పింది నిజమా, ఇవాళ చెప్పేది నిజమా?"

"ఇవాళ్టిదేనండి."

"ఆ రోజు అబద్ధం ఎందుకు చెప్పారు?"

ఉద్యోగం కోసం అని చెప్పాలి.  నొప్పి గురించి చెప్పేసిన నోరు తన సంగతికొచ్చేసరికి పెగల్లేదు. సత్యప్రసాద్ మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకి జరిపాడు.

"మేడం గారు సెన్సిటివ్ అండి. ఆవిడ చెయ్యి చూసి జాలిపడ్డారు. మాకు మాత్రం లేదాండీ జాలి? సోమవారం నుంచి మేడం గారు మా స్టాఫే. మా మనిషి గురించి నేను తప్పుగా అనను. ఆ వాక్యం పక్కన 'అభ్యాసం' అని రాసేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. లేదంటే ఆ రోజు ఫారినర్స్ ముందు కావాలని అబద్ధమాడానని ఒక కాగితం రాసివ్వాల్సి ఉంటుంది."

అధికారి ఎదురుచూశాడు. నిజానికి చాలాసేపే ఎదురుచూశాడు. శ్రీసత్య నీళ్లు తాగింది. పెన్ను తీసుకుని, నాకు నొప్పిగా ఉంది అన్నదాని పక్కన 'అభ్యాస వాక్యం' అని రాసి కింద సంతకం పెట్టింది. ముల్లు సంగతి కాగితం మీదకి ఎక్కలేదు. ఆమె చేతిరాత ఎప్పుడూ గుండ్రంగా, అందంగా ఉంటుంది.

బయటికి వచ్చేసరికి పాపాయమ్మ ఆటో కోసం గేటు దాకా వెళ్లింది. నాగదుర్గ ఒక్కతే బెంచీ మీద ఉంది.

"ఏమన్నారండీ?"

"రాసుకున్నారు. చూస్తామన్నారు."

నాగదుర్గ తలూపింది. కట్టు కట్టిన చేతిని ఒళ్లో రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది.

"మేడం గారూ, ఒకటడగనాండీ? ఆ రోజు ఆ నొప్పి మాట నేను తప్పు పలికానాండీ? అందుకే ఆవిడకి తెలీలేదేమో అని ఆసుపత్రిలో అదే ఆలోచన."

శ్రీసత్యకి ఆ ప్రశ్న తలుపు తీసి దారి చూపించినట్టయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేస్తుండగానే ఆ తలుపులోంచి దూరిపోయింది.

"కొంచెం తప్పు పోయింది. చివర్లో 'ర్' సరిగ్గా వినపడలేదు. వాళ్లకి అది గట్టిగా పలకాలి. దొలోర్."

"దొలోర్" అంది నాగదుర్గ.

"ఇంకోసారి."

"దొలోర్. తెంగో దొలోర్."

"ఆఁ. ఇప్పుడు సరిగ్గా వచ్చింది."

"ఆ రోజూ ఇలాగే అన్నానండి" అంది నాగదుర్గ. గొంతులో కోపం లేదు. పాఠంలో అర్థంకాని ముక్క అడుగుతున్నట్టే ఉంది. "ఆవిడ 'కే తియెనే' అనడిగింది కదండీ. అడిగిందంటే తెలిసినట్టే కదండీ."

గేటు బయట ఆటో హారన్ మోగింది. నాగదుర్గ లేచి నుంచుంది.

"తర్వాత మీరు చాలా చెప్పారండి. అదంతా నాకు తెలీలేదు. మొదటి రెండు మాటలే తెలిసినయ్. నో తియెనే అన్నారు. నో నాకు ముందే వచ్చండి. తియెనే మీరే నేర్పారు."

బెంచీ మీదున్న సంచి అందించబోయింది శ్రీసత్య. నాగదుర్గ ఎడంచేత్తో తనే తీసుకుని, వస్తానండి అని చెప్పి మెట్లు దిగింది.